పదకొండవ గంటకు వచ్చినవాడు

"ఆలస్యం అమృతం విషం" అన్నారు మన పెద్దలు. కాని క్రీస్తునాథుడు చెప్పిన ద్రాక్షతోట కూలీల ఉపమానంలో ఆలస్యంగా వచ్చినవారికే పెద్ద పీట దక్కింది. మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ఆ కథ మనందరికీ తెలిసినదే. యజమాని తెల్లవారుజామున కొందరిని, తొమ్మిదింటికి కొందరిని, మధ్యాహ్నం కొందరిని పనికి పిలిచాడు. పదకొండవ గంటకు, అంటే మన లెక్కన సాయంత్రం అయిదింటికి, ఇంకా సంతవీధిలో నిలబడి ఉన్నవారిని కూడా పిలిచాడు. పొద్దుగూకిన తరువాత అందరికీ ఒకే కూలి ఇచ్చాడు. పూజలో ఈ సువార్త చదివినప్పుడల్లా పొద్దున్నే వచ్చినవారి సణుగుడు గురించే మనం ఎక్కువగా ప్రసంగాలు వింటాం. నేను మాత్రం సాయంత్రం అయిదింటికి వచ్చినవాని గురించి వ్రాయదలచుకున్నాను. ఎందుకంటే ఆ మనిషిని నేనే.

మాది అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట, సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం. 1991లో పదవ తరగతి తప్పాను. మళ్ళీ పరీక్షకు కట్టలేదు. ఆ మరుసటి వారమే నాన్నతో వేటకు వెళ్ళాను. ముప్పై ఏళ్ళు అదే జీవితం. పిల్లలు ఎదిగారు, వలకు వచ్చే చేప తగ్గింది, బోటు ఇంజనుకు పోసే ఆయిలు ఖర్చు పెరిగింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఖాళీగా కూర్చుని ఆలోచించేవాడిని. మా ప్రాంతంలో పరిశ్రమ వస్తుందన్న మాట వినబడిన ప్రతిసారీ "స్థానికులకే ఉద్యోగాలు" అన్న మాట కూడా వినబడుతుంది. దాని వెనుకనే మెల్లగా "నైపుణ్యం ఉన్నవారికి" అన్న మరో మాట వస్తుంది. నాకు వల అల్లడం తెలుసు, గాలి చూసి వాన చెప్పడం తెలుసు. వాటిని నైపుణ్యమని ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరా అనరు. అందుకే 2022లో, నా 46వ ఏట, ఒక పట్నంలోని కమ్యూనిటీ కాలేజీలో ఏడాది ఎలక్ట్రికల్ కోర్సులో చేరాను.

కమ్యూనిటీ కాలేజీ అన్న మాట కొందరు పాఠకులకు కొత్త కావచ్చు. ఈ తరహా కళాశాలలకు ఆద్యంగా 1901లో అమెరికాలోని జోలియట్ పట్టణంలో మొదలైన జూనియర్ కాలేజీని చెబుతారు. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం 1947లో ఇచ్చిన నివేదికతో కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. మన దేశంలో 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం, 1996లో మద్రాసు-మైలాపూరు అగ్రపీఠం ఇటువంటి కళాశాలలను ప్రారంభించాయి. ఈ ఉద్యమాన్ని దేశమంతటా నడిపించినవారిలో యేసుసభ గురువులు ఫాదర్ జేవియర్ అల్ఫోన్స్ గారు ముఖ్యులు. 2013లో యూ.జి.సి. కూడా ఒక పథకం పెట్టింది. చదువు మధ్యలో ఆగిపోయినవారికి, పేదలకు, వయసు మళ్ళినవారికి వారి ఊరి దగ్గరలోనే చేతిపనితో కూడిన విద్య అందించాలన్నది దీని ఆశయం. ఆలోచించి చూస్తే ఇది ద్రాక్షతోట యజమాని చేసిన పనే. సంతవీధిలో మిగిలిపోయినవారి దగ్గరకు వెళ్ళి "మీరెందుకు ఇక్కడే నిలబడి ఉన్నారు?" అని అడగడమే.

నేను ఎంతో ఆశతో వెళ్ళాను. క్లాసు ఉన్న రోజు వేట మానుకోవాలి, అంటే ఆ రోజు నా వాటా పోయినట్లే. ఆటోలో నక్కపల్లికి, అక్కడి నుంచి బస్సులో పట్నానికి వెళ్ళేవాడిని. మొదటి రోజు కొత్త చొక్కా వేసుకున్నాను. గుమ్మంలోకి అడుగు పెట్టగానే క్లాసులోని కుర్రవాళ్ళు లేచి నిలబడ్డారు, నన్ను మాస్టారనుకుని! అందరం నవ్వుకున్నాం. ఏడాది మొత్తంలో నాకు మిగిలిన మంచి జ్ఞాపకం అదొక్కటే.

వర్క్‌షాపు గదికి తాళం వేసి ఉండేది. కిటికీలోంచి చూస్తే లోపల ఒక త్రీఫేజ్ మోటారు, గోడకు ఒక ప్యానెల్ బోర్డు కనబడేవి. తాళం చెవి ఒకరి దగ్గర, ఆయన సెలవులో. తరువాత మరొకరి దగ్గర, ఆయన మీటింగులో. వారానికి అయిదు రోజులు జరగవలసిన క్లాసులు రెండు రోజులు జరిగితే గొప్ప. జరగని రోజులకు కూడా హాజరు పట్టీలో మా చేత సంతకాలు పెట్టించేవారు. పాఠం చెప్పే అబ్బాయికి నా పెద్దకొడుకు వయసు ఉంటుంది. గంటకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే జీతం, అదీ నెలల తరబడి రావడం లేదని ఒకసారి టీ కొట్టు దగ్గర చెప్పుకుని బాధపడ్డాడు. అతని మీద నాకు కోపం లేదు.

ఒక రోజు ధైర్యం చేసి అడిగాను. "మాస్టారూ, ఎర్తింగ్ ఎలా చెయ్యాలో ఒక్కసారి చేతితో చేసి చూపించండి, నేను రాసుకుంటాను" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అన్నాడు: "బాబాయ్ గారూ, ఈ వయసులో మీకెందుకండీ ఆ కష్టం? సర్టిఫికెట్ వచ్చేలా మేం చూసుకుంటాం కదా!"

అన్నట్లే చూసుకున్నారు. పరీక్ష రోజున జవాబులు బోర్డు మీద వ్రాశారు. ప్రాక్టికల్ పరీక్షకు తాళం తీశారు గాని మోటారు ముట్టుకోమని ఎవరూ అనలేదు. అందరం పాసయ్యాం. నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది. 1991లో తప్పినవాడికి 2023లో ఫస్ట్ క్లాసు! మా ఇంట్లో ఆ రోజు పాయసం చేసుకున్నాం. ఆ పాయసం నాకు సహించలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మోసపోయింది నేను ఒక్కడినే అన్నట్లు వ్రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. క్లాసు లేదన్న రోజున నేనూ లోలోపల సంతోషపడ్డాను, మొదటి బస్సుకే ఇల్లు చేరవచ్చని. రాని రోజుకు సంతకం పెట్టింది నా చెయ్యే. బోర్డు మీది జవాబులు చూసి వ్రాసిందీ నా కలమే. ఆ మాస్టారు అడగకుండానే నాకు సులువు ఇచ్చాడు. నేను అడగకుండానే పుచ్చుకున్నాను.

2024 సెప్టెంబరులో అసలు పరీక్ష వచ్చింది. మా బంధువు ఒకాయన ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు దగ్గర పని చూసి పెట్టాడు. మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ ఉద్యోగం. "బావా, సర్టిఫికెట్ జెరాక్సు ఒకటి చాలు. మిగతాది అక్కడ చూసి నేర్చుకుందువు గాని" అన్నాడు. సరిగ్గా అంతకు కొద్ది వారాల ముందు, ఆగస్టు 21న, మా జిల్లాలోనే అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. లీకైన ద్రావకపు ఆవిరికి నిప్పు అంటుకున్నదని వార్తల్లో చెప్పారు. ఆ ప్రమాదంలో ఎవరి తప్పు ఎంతో తీర్పు చెప్పడానికి నేను ఎవరిని? కాని అటువంటి చోట ఒక చిన్న నిప్పురవ్వ ఎంత పని చేయగలదో ఆ రోజు జిల్లా అంతటికీ తెలిసింది. వైరు బిగించడం సరిగా రానివాడు, "వచ్చు" అని వ్రాసిన కాగితం పట్టుకుని అటువంటి చోట నిలబడవచ్చునా? నిద్ర పట్టని ప్రశ్న అదే.

నా మనసు నాకు తగిన వాదన కూడా సిద్ధం చేసి పెట్టింది. మనసు ఎప్పుడూ మంచి వకీలే కదా! "ద్రాక్షతోట యజమాని ఏం చేశాడు? ఒక్క గంట పని చేసినవానికి రోజంతటి కూలి ఇచ్చాడు. దేవుడే అలా లెక్క చూడకుండా ఇస్తుంటే, కాలేజీవారు నీకు ఫస్ట్ క్లాసు ఇస్తే తప్పేమిటి? నీవూ పదకొండవ గంటకు వచ్చినవాడివే కదా!" అన్నది నా మనసు.

ఆ ఆదివారం పూజకు వెళ్ళినప్పుడు, పూజ అయిన తరువాత మా విచారణ గురువులతో ఈ సంగతి చెప్పాను. ఆయన నాకు ఉపదేశమేమీ ఇవ్వలేదు. ఒక ప్రశ్న మాత్రం అడిగారు. "రేపు మీ అబ్బాయి ఆ మోటారు ముట్టుకోవలసి వస్తే, అంతకు ముందు దాన్ని బాగుచేసిన మనిషి ఎలాంటివాడై ఉండాలని కోరుకుంటావు?" అన్నారు. అంతే. సైకిలు తీసుకుని మరో ఊరి పూజకు వెళ్ళిపోయారు.

ఆటోలో ఇంటికి వస్తూ ఆ ఉపమానాన్ని మళ్ళీ మొదటి నుంచి తలచుకున్నాను. అప్పుడు నాకు రెండు సంగతులు తోచాయి. 

మొదటిది, ఆ యజమాని ఇచ్చింది తన సొమ్ము. సణిగినవారితో ఆయన అన్న మాట సారాంశం కూడా అదే, నా సొమ్ము నా ఇష్టప్రకారం ఇచ్చుకునే హక్కు నాకు లేదా అని. ఆయన ఔదార్యం వల్ల ఆయన సంచి తేలికపడింది తప్ప మరెవరికీ నష్టం రాలేదు. కాని సర్టిఫికెట్టు కూలి డబ్బు వంటిది కాదు. అది ఒక సాక్ష్యం. "ఈ మనిషికి ఈ పని వచ్చు, మీరు నమ్మవచ్చు" అని ముక్కూ మొహం తెలియని మూడో మనిషికి చెప్పే మాట. ఆ మాట అబద్ధమైతే దాని ఖరీదు కాలేజీ కట్టదు, నేనూ కట్టకపోవచ్చు. స్విచ్చు మీద చెయ్యి వేసే ఎవరో అమాయకుడు కడతాడు. పరాయివాని సంచిలోంచి తీసి దానం చేయడం దయ అనిపించుకోదు. మన ఎనిమిదవ ఆజ్ఞ కోర్టుబోనులో చెప్పే అబద్ధానికి మాత్రమే వర్తించేదనుకున్నాను గాని, స్టాంపు వేసిన కాగితం కూడా నోరున్న సాక్షే.

రెండవది ఇంకా లోతైనది. ఆ యజమాని సాయంత్రం వచ్చినవారిని సంతవీధిలోనే నిలబెట్టి కూలి చేతిలో పెట్టలేదు. తోటలోకి పొమ్మన్నాడు. నిజమైన తోట, నిజమైన పని, ఒక గంట అయినా సరే. "ఇంత ఆలస్యంగా వచ్చావు, నీకెందుకయ్యా కష్టం, ఈ చెట్టు కింద కూర్చో, కూలి ఇస్తాను" అని ఉంటే ఆ మనిషి డబ్బుతో ఇంటికి వెళ్ళేవాడే గాని, తన చేతులు ఎవరికీ అక్కరలేదన్న బాధతోనే వెళ్ళేవాడు. రోజంతా అతణ్ణి బాధించింది కూడా అదే కదా, ఎవరూ పనికి పిలవకపోవడం! ఆ మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి చెప్పిన మాటలో ప్రేమ ఉన్నది. కాని దాని లోపల మరొకటి కూడా ఉన్నది: నీవల్ల కాదులే అన్న నిర్ణయం. ఒక మనిషి నుంచి ఏమీ ఆశించకపోవడం దయలా కనిపిస్తుంది. నిజానికి అది అతణ్ణి లెక్కలోంచి తీసివేయడమే. పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు 1981లో మానవ శ్రమ గురించి వ్రాసిన విశ్వలేఖలో, పని విలువ దాన్ని చేసే మనిషిలో ఉన్నదని బోధించారు. చదువు కూడా పనే. నేర్చుకునే శ్రమను నా చేతిలోంచి తీసివేసినవారు నాలోని మనిషిని కొంత తీసివేసినట్లే.

అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినది పునీత లొయోలా ఇగ్నేషియస్ వారి జీవితం, మన పాతకాలపు పెద్దలు ఇన్నాసివారని పిలుచుకునే ఆ మహానుభావుడే. ఆయన కూడా ఆలస్యంగా బడికి వెళ్ళినవాడే. 1521లో పాంప్లోనా యుద్ధంలో కాలు విరిగి, మంచం మీద మనసు మారిన సైనికుడు. 1524లో, ముప్పై ఏళ్ళు దాటిన తరువాత, బార్సెలోనాలో చిన్నపిల్లల సరసన కూర్చుని లతీను వ్యాకరణం మొదలుపెట్టాడు. పాఠం వినేటప్పుడు దైవచింతనలు వచ్చి మనసు చెదిరిపోతూ ఉండేదట. ఆయన గురువుగారి దగ్గరకు వెళ్ళి, రెండేళ్ళపాటు మీ పాఠం శ్రద్ధగా వినకుండా ఉండనని మాట ఇచ్చాడు. భక్తిని కూడా పాఠం ఎగ్గొట్టడానికి సాకుగా వాడుకోలేదు!

1526లో అల్కలా విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ తర్కం, ప్రకృతి శాస్త్రం, వేదాంతం అన్నీ ఒకేసారి, తొందర తొందరగా చదివాడు. చివరకు తనకు పునాది లేదని తెలుసుకున్నాడు. అది ఆశాభంగమే. "విశ్వవిద్యాలయంలో చదివినవాణ్ణి" అని చెప్పుకుని తిరగవచ్చు, కాదనేవారెవరు? ఆయన అలా చేయలేదు. 1528లో పారిస్ వెళ్ళి, మోంటెగ్యు కళాశాలలో మళ్ళీ చిన్నపిల్లలతో కూర్చుని లతీను మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ పారిస్‌లోనే ఏడేళ్ళు చదివాడు. 1540లో ఆయన స్థాపించిన యేసుసభకు పాపుగారి అనుమతి లభించింది. ఆ సభ తరువాత లోకమంతటా ఎన్ని కళాశాలలు నడిపిందో మనకు తెలుసు. వాటన్నిటికీ మూలపురుషుడు "నాకు రాదు, మళ్ళీ చెప్పండి" అని నడి వయసులో ఒప్పుకున్న విద్యార్థి.

నేను పునీతుణ్ణి కాను. కాంట్రాక్టరు దగ్గరకు సర్టిఫికెట్టు పట్టుకునే వెళ్ళాను. తీరా ఆయన ఎదుట నిలబడిన తరువాత నోరు తెరిచి, "అయ్యా, కాగితం ఉంది గాని పని రాదు. హెల్పరుగా పెట్టుకోండి, నేర్చుకుంటాను" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఎలక్ట్రీషియన్ జీతానికి, హెల్పరు కూలికి రోజుకు రెండు వందలు తేడా. ఇంట్లో ఈ సంగతి తెలిసినప్పుడు నా భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఏడాదిపాటు వేట మానుకుని తెచ్చుకున్న కాగితం. ఇప్పుడు అది అబద్ధమంటావేటి? మరి ఆ ఏడాది మాకు ఎవరిస్తారు?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మంచి చేస్తే వెంటనే మేలు జరుగుతుందని కథల్లో వ్రాస్తారు. నా విషయంలో రోజుకు రెండు వందలు తగ్గాయి.

అయితే ఇప్పుడు నాకు ఎర్తింగ్ చేయడం వచ్చు. నేర్పినవాడు పాతికేళ్ళ కుర్రవాడు, ఐ.టి.ఐ. చదివినవాడు. "మావయ్యా, ముందు మెయిన్ ఆపు. ఆపానని నేను చెప్పినా నమ్మకు, టెస్టరు పెట్టి నువ్వే చూసుకో" అని గట్టిగా కసురుతాడు. తప్పు చేస్తే అందరి ముందూ అంటాడు. ఆ కసురు వింటుంటే నాకు కోపం రాదు. ఇతను నావల్ల అవుతుందని నమ్ముతున్నాడు కాబట్టే కసురుతున్నాడు అనిపిస్తుంది.

ఇది ఒక్క నా గొడవ అయితే ఈ పేజీ నింపేవాడిని కాదు. నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖలో శంకుస్థాపన చేశారు. ఆ పార్కు తమ బ్రతుకును, సముద్రాన్ని పాడు చేస్తుందన్న భయంతో అదే ఏడాది మా రాజయ్యపేట మత్స్యకారులు దీక్షలకు కూర్చున్నారు, జాతీయ రహదారి మీదికి కూడా వెళ్ళారు. ఆ తగవు ఎలా తీరాలన్నది వేరే వ్యాసం. కాని సముద్రం విడిచి రమ్మని ఒక మనిషిని పిలిచేవారు, "నీకు పని నేర్పుతాం" అని మాట ఇచ్చేవారు, ఆ మాటను తాళం వేసిన గదిలో పెట్టకూడదు. పేదవానికి చేసిన వాగ్దానం కూడా అప్పే. మరి, మన మేత్రాసనాలు, మఠాలు నడిపే పాఠశాలలు, శిక్షణ కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో పనిచేసే మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మఠకన్యలు, గురువులు ఈ ప్రశ్న వేసుకోవాలి: ఆలస్యంగా వచ్చినవానికి మనం తోట చూపిస్తున్నామా, కూలి చీటీ మాత్రం ఇచ్చి పంపుతున్నామా?

కుటుంబాలకు కూడా నాదొక మనవి. ఇటువంటి కోర్సుల్లో చేరేముందు రంగు కాగితాల ప్రకటన చూసి ఫీజు కట్టకండి. కిందటి ఏడాది చదివినవారు ఇద్దరిని వెతికి పట్టుకుని, వర్క్‌షాపు తలుపు వారంలో ఎన్నిసార్లు తెరిచేవారో అడగండి. చేరిన తరువాత పాఠం జరగకపోతే, నాలాగా మొదటి బస్సు ఎక్కి సంతోషంగా ఇంటికి రాకండి. నలుగురూ కలిసి వెళ్ళి అడగండి. మీ పిల్లవాడు సర్టిఫికెట్టుతో ఇంటికి వచ్చిన రోజున పాయసం చెయ్యండి, తప్పకుండా చెయ్యండి. పెట్టేముందు మాత్రం "నాయనా, ఏం నేర్చుకున్నావో చేసి చూపించు" అని అడగండి. మన విచారణల్లో కుట్టుపని, వడ్రంగం, మోటారు మరమ్మతు, వైరింగు చక్కగా తెలిసినవారు ఎందరో ఉన్నారు. ఆదివారం పూజ తరువాత ఒక గంట దేవాలయ ఆవరణలో ఇద్దరికి నేర్పితే, దానికి ఏ విశ్వవిద్యాలయం గుర్తింపూ అక్కరలేదు.

నా ఫస్ట్ క్లాసు సర్టిఫికెట్టు ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. చింపలేదు. అందులో వ్రాసి ఉన్న పనులన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుంటున్నాను. ఎర్తింగ్ అయింది. స్టార్టరు విప్పి బిగించడం వచ్చింది. మోటారు కాయిల్ చుట్టడం ఇంకా రాలేదు. ఆ కాగితంలోని మాటలన్నీ నిజమైన రోజున దాన్ని బయటికి తీస్తాను. ఆ రోజు వచ్చేలోగా పొద్దుగూకిపోతే, చేసిన పాటి పని చూసి లెక్క కట్టేది ఆ తోట యజమానే కదా.